మంచులోని పోగులు

ఊళ్లకు దూరమైన కొండకొమ్మున మాలిన్యముండదని లోకుల నమ్మిక. 2018వ సంవత్సరపు వేసవిలో ఇటలీ దేశమందలి మిలాన్ నగరమునుండి కొందరు శాస్త్రజ్ఞులు ఆల్ప్సు పర్వతములలోని ఫోర్ని హిమానీనదము నెక్కిరి. హిమానీనదమనగా కొండపై పేరుకొని గట్టిపడి, తన బరువునకే మెల్లమెల్లగా క్రిందికి జారు మంచురాశి. అచటికి పోవువారు వెచ్చని కృత్రిమవస్త్రములు ధరింతురు. వీరు మాత్రము ఒంటికి నూలుబట్టలు, కాళ్లకు చెక్క పాదరక్షలు తొడిగిరి. పావుకోళ్ల వంటివానితో మంచుపై నడుచుట ఎంత ప్రయాసమో ఊహింపవచ్చును!

వారు వెదకబోయినవి మైక్రోప్లాస్టిక్కులు, అనగా 5 మిల్లీమీటర్లకు లోబడిన ప్లాస్టిక్కు తునుకలు, పోగులు. రిచర్డ్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞుడు 2004లో సముద్రమాలిన్యమును గూర్చి ప్రకటించిన వ్యాసముతో ఈ పేరు వ్యాప్తికి వచ్చినది. నేటి చలికోటులు, బూట్లు పెక్కు పాలియెస్టరు, నైలాను వంటి ప్లాస్టిక్కులతో చేసినవే. వానిని ధరించి పోయినచో తమ చొక్కానుండి రాలిన పోగునే మంచులో దొరకినదిగా వ్రాసికొని వత్తురు. దొంగను పట్టబోవువాడు ముందుగా తన జేబు తడవి చూచుకొనుట వంటిదే ఈ జాగ్రత్త.

ఫోర్నిపై పేరుకొన్న మట్టిలో కిలోగ్రామునకు సుమారు 75 తునుకలు తేలినవి. ఆ లెక్కన హిమానీనదము దిగువ భాగముననే 13 నుండి 16 కోట్ల వరకు ఉండునని 2019లో అంచనా వేసిరి. అందు పాలియెస్టరుదే పెద్ద పాలు.

పరిశోధనశాలలో శ్రమ ఇంకను ఎక్కువ. చిక్కని ఉప్పునీటిలో మట్టిని కలిపినచో ఇసుక అడుగునకు దిగును, ప్లాస్టిక్కు పైకి తేలును. దానిని వడగట్టి, పరారుణ కిరణములతో పరీక్షింతురు. ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క తీరున ఆ కిరణములను గ్రహించును గనుక దాని జాతి తెలియును. ప్రక్కనే శుభ్రమైన ఖాళీపళ్లెమొకటి తెరచి యుంచుదురు. గదిలోని గాలినుండి అందులో ఎన్ని పోగులు పడినవో అదియు లెక్కకు వచ్చును. ఈ విద్యలోని పనిముట్లన్నిటిలోను ఆ ఖాళీపళ్లెమే విలువైనది. అది లేని లెక్క ఎంత పెద్దదైనను నమ్మదగినది కాదు.

వీధిమూలను చెత్తకుప్ప కనబడుచుండగా కొండలెక్కి వెదకుట ఎందుకని కొందరందురు. వీధిలోని సంచి ఎవరు పారవేసినదో వీధివారికి తెలియును. ఎవరును పారవేయని చోట దొరకిన పోగు, తాను వచ్చిన దారిని గూర్చి సాక్ష్యము చెప్పును. ఫ్రాన్సు దేశపు పిరనీసు కొండలలో మారుమూల ప్రదేశమున ఐదు నెలలు పరీక్షింపగా, రోజునకు చదరపు మీటరుపై సగటున 365 తునుకలు పడుచున్నట్లు 2019లో వెల్లడియైనది. అవి గాలిలో 95 కిలోమీటర్ల దూరమునుండియైనను వచ్చి యుండవచ్చునని పరిశోధకులు లెక్కించిరి.

అట్లని నేరమంతయు గాలిపై మోపుటయు తగదు. 2019లో ఎవరెస్టుపై 8,440 మీటర్ల ఎత్తున తీసిన మంచులోను పోగులున్నవి. అన్నిటికంటె ఎక్కువగా, లీటరునకు 79, దొరకినది గుడారములు వేసికొను దిగువ మజిలీలోనే. అచట ఆరోహకుల ఉడుపులను, త్రాళ్లను, గుడారములనే ముందుగా అనుమానింపవలెను. కిలోగ్రాము మట్టిలోని లెక్కను లీటరు మంచునీటిలోని లెక్కతో పోల్చి ఏ కొండ ఎక్కువ మైలపడినదో తేల్చుటయు తొందరపాటే. కొలతలు వేరు, వడగట్టిన గుడ్డల కన్నులు వేరు.

ఫోర్ని మంచు ఏటేట తరిగిపోవుచున్నది. కరగిన నీరు ఫ్రొడోల్ఫో అను వాగై దిగి అడ్డా నదిలో కలియును. అడ్డా పో నదిని చేరును. ఎన్నేండ్ల క్రిందటనో మంచులో చిక్కుకొన్న పోగులును ఆ నీటితోనే బయలుదేరును. పో నది ఉత్తర ఇటలీలోని వరిచేలను, ఊళ్లను దాటి ఆడ్రియాటిక్కు సముద్రమున పడును.