హైక్ వచ్చింది.. జీతం తగ్గింది!

డాలస్‌లో ఏడాదికి లక్ష డాలర్ల ఉద్యోగం వదిలేసి ఫిలడెల్ఫియాలో లక్షా అయిదు వేలకు చేరాను. అయిదు శాతం హైక్! 'ఎంఎస్ లోన్ ఈఎంఐకి వచ్చే నెల నుంచి ఇంకొంచెం ఎక్కువ పంపుతా నాన్నా' అని గొప్పగా మాటిచ్చేశా కూడా.

మొదటి జీతం పడింది. రెండు వారాలకోసారి వచ్చే ఆ డబ్బు పాత కంపెనీ ఇచ్చినదానికంటే 140 డాలర్లు తక్కువ. ఏదో పొరపాటు జరిగిందనుకుని హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టాను. పొరపాటేం లేదట. పే స్టబ్ మళ్లీ చూసుకోమన్నారు. చూస్తే డాలస్‌లో ఎప్పుడూ కనపడని రెండు లైన్లు.. స్టేట్ ట్యాక్స్, సిటీ ట్యాక్స్.

తప్పు నాదే. మన దగ్గర జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ వేసేది కేంద్రమే. రాష్ట్రం తీసుకునేది ప్రొఫెషనల్ ట్యాక్స్. నెలకు ఇరవై వేలు దాటిన ఉద్యోగికి హైదరాబాద్‌లో అయినా, విశాఖలో అయినా 200 రూపాయలు. ఊరు మారితే చేతికొచ్చే జీతం ఇంతలా మారుతుందన్న ఆలోచనే మనకు రాదు. అమెరికాలో అలా కాదు. ఫెడరల్ ట్యాక్స్ అందరికీ ఉంటుంది. దాని మీద చాలా రాష్ట్రాలు, కొన్ని నగరాలు కూడా తమ వాటా తీసుకుంటాయి. టెక్సస్, ఫ్లోరిడా, టెనసీ, వాషింగ్టన్ లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో మాత్రం జీతం మీద స్టేట్ ట్యాక్స్ లేదు.

ఇప్పుడు నా లెక్క చూడండి. పెన్సిల్వేనియా రాష్ట్రం ఎంత జీతమైనా 3.07 శాతం తీసుకుంటుంది. 2025 జులై నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం ఫిలడెల్ఫియా నగరవాసికి ఇంకో 3.74 శాతం. రెండూ కలిపి 6.81. లక్షా అయిదు వేల మీద అది ఏడాదికి సుమారు 7,150 డాలర్లు. పెరిగిన అయిదు వేలలో ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోగా మిగిలేది 3,500 చిల్లర. అంటే హైక్ తీసుకుని మరీ నెలకు 300 డాలర్లు పోగొట్టుకున్నా. మన డబ్బుల్లో పాతిక వేల పైమాటే. డాలస్‌లో వచ్చినంత ఇక్కడ చేతికి రావాలంటే దాదాపు లక్షా పదకొండు వేలు అడగాల్సింది!

సరే, 401కే లో ఎక్కువ వేసి ట్యాక్స్ తగ్గించుకుందామనుకున్నా. ఫెడరల్ ట్యాక్స్ తగ్గుతుంది కానీ, పెన్సిల్వేనియా, ఫిలడెల్ఫియా ఆ డబ్బును కూడా జీతంలో కలిపే లెక్కేస్తాయి. పోనీ ఊరి బయట ఇల్లు తీసుకుందామంటే, నగరంలో పనిచేసే బయటివాళ్లకూ కాస్త తక్కువ రేటుతో సిటీ ట్యాక్స్ ఉంది.

ప్రతి ఊరికీ ఒక్కో రూలు. న్యూయార్క్ సిటీ ఇన్‌కమ్ ట్యాక్స్ అక్కడ ఉండేవాళ్లకే. మాన్‌హాటన్‌లో పనిచేస్తూ నది అవతల జెర్సీ సిటీలో ఉండే మనవాళ్లకు అది తప్పుతుంది. న్యూయార్క్ స్టేట్ ట్యాక్స్ మాత్రం తప్పదు.

అలాగని టెక్సస్ స్వర్గమేం కాదు. అక్కడ ప్రాపర్టీ ట్యాక్స్ బాగా ఎక్కువ. ఇల్లు కొన్న మావాళ్లు ఏటా ఆ బిల్లు చూసి తలపట్టుకుంటారు. నాలా అద్దెకుండేవాళ్లకు ఆ బిల్లు నేరుగా రాదంతే.

అందుకే ఆఫర్ చేతికి రాగానే 'ఎంత?' అని మాత్రమే కాదు, 'ఏ రాష్ట్రం, ఏ నగరం?' అని కూడా అడగండి. ఉండే ఊరు, పనిచేసే ఊరు రెండూ చూసుకోండి. ఆన్‌లైన్ పేచెక్ క్యాలిక్యులేటర్‌లో ఆ వివరాలేసి చేతికొచ్చేదెంతో తేల్చుకోండి. అయిదు నిమిషాల పని. బేరమాడే చాన్స్ సంతకం పెట్టకముందే ఉంటుంది.

నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పా. ఓపిగ్గా విని, 'జీతం పెరిగి డబ్బులు తగ్గడమేంట్రా?' అన్నారు. ఈఎంఐకి ఎక్కువ పంపుతానన్న మాట మాత్రం ఇంకో ఏడాదికి వాయిదా పడింది.