లెక్క కుదరని చోట

1979 మార్చి 9వ తేదీ. వాయేజర్ 1 వ్యోమనౌక గురుగ్రహాన్ని అతి సమీపంగా దాటిపోయి అప్పటికి నాలుగు రోజులయింది. కాలిఫోర్నియాలోని పసడీనా నగరంలో, జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో, లిండా మొరబీటో అనే యువ ఇంజనీరు ముందురోజు నౌక తీసిన ఒక ఛాయాచిత్రాన్ని పరిశీలిస్తున్నారు. కొత్త సంగతులు కనిపెట్టడం ఆమె బాధ్యత కాదు. నౌక ఎక్కడ ఉన్నదో లెక్క కట్టే బృందంలో ఆమె ఒకరు. గురుగ్రహపు ఉపగ్రహమైన అయో సమీపాన ఒక మసక నక్షత్రం కనిపించడానికై చిత్రపు కాంతిని పెంచగా, అయో అంచుకు వెలుపల గొడుగు ఆకారంలో ఒక వెలుగు గోచరించింది. ఏ లెక్క ప్రకారమూ అక్కడ ఏమీ ఉండకూడదు.

అది కెమెరా దోషమని తోసిపుచ్చి ఉంటే ఆమెను తప్పుపట్టేవారు ఉండరు. కాని ఆమె, ఆమె సహచరులు ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి తొలగిస్తూ వచ్చారు. కెమెరా మచ్చ కాదు. వెనుక దాగిన మరొక ఉపగ్రహమూ కాదు. చివరకు తేలినది, అయో ఉపరితలం నుండి 250 కిలోమీటర్లకు పైగా ఎగసిన అగ్నిపర్వత ధూళి! భూమికి వెలుపల రగులుతున్న అగ్నిపర్వతం మానవుని కంటబడడం అదే ప్రథమం.

ఈ వృత్తాంతాన్ని అదృష్టానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. దీనిలో అదృష్టం కన్న వృత్తిధర్మం పాలు ఎక్కువ. ఆ ధర్మమేమిటో గ్రహించాలంటే, కోట్ల కిలోమీటర్ల దూరంలోని నౌక జాడ ఎలా తెలుస్తుందో కొంత తెలుసుకోవాలి.

కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లోని మాడ్రిడ్, ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా సమీపాలలో నాసా వారి పెద్ద ఆంటెన్నాలు ఉన్నాయి. భూగోళంపై ఇవి దాదాపు సమదూరంలో ఉన్నందున, భూమి తిరుగుతున్నా ఏదో ఒక కేంద్రానికి నౌక కనిపిస్తూనే ఉంటుంది. స్టేషనుకు వస్తున్న రైలు కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోయిన రైలు కూత తగ్గు స్థాయిలోను వినిపించడం అందరికీ అనుభవమే. అదే డాప్లర్ సూత్రం. నౌక పంపే రేడియో తరంగాలలోని అటువంటి మార్పును బట్టి దాని వేగాన్ని సెకనుకు ఒక మిల్లీమీటరు కన్న తక్కువ తేడాతో కొలుస్తారు. సంకేతం పోయి రావడానికి పట్టే కాలం దూరాన్ని తెలుపుతుంది. నక్షత్రాల నేపథ్యంలో తీసిన ఉపగ్రహాల చిత్రాలు దిశను తెలుపుతాయి.

ఇన్ని కొలతలున్నా నౌక స్థానం నేరుగా కంటికి కనబడదు. ముందుగా ఒక స్థానాన్ని ఊహిస్తారు, ఆ ఊహ ప్రకారం రావలసిన సంకేతానికీ, నిజంగా వచ్చిన దానికీ ఉన్న తేడాను చూస్తారు, ఊహను సవరిస్తారు. గ్రహం పక్కగా దూసుకుపోయే వేళ గురుత్వాకర్షణ మార్గాన్ని వంచుతుంది గనుక, ముందున్న చిన్న పొరపాటు తరువాత పెద్దదవుతుంది. అందువల్ల మిగిలిపోయిన తేడాయే నావికునికి గురువు. దానిని దాచిపెడితే దారి తప్పక తప్పదు.

1999 సెప్టెంబరు 23న జరిగినది అదే. అంగారకుని కక్ష్యలో ప్రవేశించవలసిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ గ్రహం చాటుకు వెళ్ళి మరి కనిపించలేదు. నౌకలోని చిన్న రాకెట్ల తోపును న్యూటన్ల లెక్కలో ఇవ్వవలసిన కంప్యూటరు ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో ఇచ్చింది. 4.45 రెట్ల తేడా! సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్లకు దిగిందని విచారణ సంఘం తేల్చింది. పౌండ్లను న్యూటన్లకు మార్చడం హైస్కూలు విద్యార్థికి సైతం తెలిసిన విద్యే. ఇంతకన్న బాధాకరమైన విషయం మరొకటి ఉంది. కొలతలు పొసగడం లేదన్న అనుమానం నావిక బృందంలోని వారికి ముందే కలిగింది. కాని అది మాటల్లోనే తిరిగింది. జవాబు చెప్పి తీరవలసిన వారి ముందుకు నియమానుసారంగా చేరలేదు.

తేడాలన్నీ అగ్నిపర్వతాలు కావు. పయొనీర్ 10, 11 నౌకల గమనంలో కనిపించిన సూక్ష్మమైన తేడాకు కొందరు కొత్త భౌతికసూత్రాన్నే ఆశించారు. అది నౌక నుండి అసమానంగా వెలువడిన వేడి ప్రభావమేనని 2012లో తేలింది. 1990లో గెలీలియో, 1998లో నియర్ నౌకలు భూమి పక్కగా సాగినప్పుడు వేగంలో సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చింది. దానికి అందరూ అంగీకరించే సమాధానం ఇంకా దొరకలేదు. అయినా ఆ అంకెలను సరిదిద్ది మూసిపెట్టలేదు; ఉన్నవి ఉన్నట్లు ప్రకటించారు. శాస్త్రం నిలిచేది అటువంటి నిజాయితీ మీదనే.

ఈ సంగతి ప్రవాసాంధ్ర కుటుంబాలకు మరింత అవసరం. తెలుగునాట కళాశాలలో రసాయనశాస్త్రపు ప్రాక్టికల్స్ చేసినవారిలో, బ్యూరెట్ రీడింగును ‘రావలసిన’ జవాబుకు తగినట్లు దిద్దుకోనివారు అరుదు. మార్కులు వచ్చాయి, అలవాటూ వెంట వచ్చింది. నేడు అమెరికాలో అమ్మాయి సైన్స్ ఫెయిర్ ప్రయోగం అనుకున్న ఫలితం ఇవ్వకపోతే, “మళ్ళీ చేసి సరిగా వచ్చినదే రాయమ్మా” అని చెప్పే తల్లిదండ్రుల ప్రేమలో లోపం లేదు, సలహాలో ఉంది. మళ్ళీ చేయించడం మంచిదే. మొదటి ఫలితాన్ని చెరిపించడం మాత్రం అపచారం.

పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడం తెలుగు ఇళ్ళలో వినయంగా చెల్లుతుంది. ఆ వినయం విలువైనదే. అయితే “ఈ లెక్క కుదరడం లేదు నాన్నా” అనే పిల్లవాని మాట అవినయం కాదు. ఆ మాట ఇంట్లో నిర్భయంగా అనగలిగినవాడే రేపు ప్రయోగశాలలోనో, ఆసుపత్రిలోనో, కార్యాలయంలోనో పై అధికారి ముందు అనగలుగుతాడు. బహుమతి తెచ్చిన జవాబును మెచ్చుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కుదరని లెక్కను ఓపికగా కూర్చుని వినే ఇళ్ళు పెరగాలి.