మా ఇంటి ముచ్చట్లు: వీధిలో పిలిచే జ్ఞానమ్మ



ఈసారి ముచ్చట నన్ను నేను దిద్దుకున్న కథ. మా అమ్మాయికి 13 ఏళ్ళు. స్కూల్లో డిబేట్ టీములో ఉంది. మొన్న ఒక పోటీకి వెళ్ళి చూశాను. గొంతెత్తి, చేతులు ఊపుతూ అవతలివాళ్ళ వాదనలను ఒక్కొక్కటిగా తిప్పికొట్టింది. కారెక్కగానే నా నోటి నుంచి వచ్చింది మాత్రం మెచ్చుకోలు కాదు. "ఆడపిల్లవి, అంత గట్టిగా అరవాలా?" అన్నాను. నేను విని విని పెరిగిన మాటే అది. పిల్ల ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. వచ్చే పోటీకి పేరివ్వనంది.

అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. రాత్రి భోజనాలయ్యాక బైబిల్లో ఒక అధ్యాయం చదవడం ఆవిడ అలవాటు. ఆ రోజు సామెతల గ్రంథం 8వ అధ్యాయం. అమ్మ తెలుగులో చదువుతుంటే మా అమ్మాయి ఇంగ్లీషులో చూస్తోంది. ఉన్నట్టుండి, "అమ్మమ్మా, జ్ఞానం అంటే ఇక్కడ ఒక ఆవిడా?" అంది.

నిజమే! తెలుగులో "అమ్మ పిలిచింది", "గంట మోగింది" రెండూ ఒకేలా ముగుస్తాయి కాబట్టి మనకు చప్పున తట్టదు. ఈ గ్రంథం రాసిన హీబ్రూ భాషలో జ్ఞానాన్ని హోఖ్మా అంటారు. అది స్త్రీలింగం. గ్రీకులో సోఫియా, అదీ స్త్రీలింగమే. వ్యాకరణంతో ఆగకుండా, ఆమెను నిజంగా ఒక ఇల్లాలిగా చూపించారు. 9వ అధ్యాయంలో ఆమె ఏడు స్తంభాల ఇల్లు కట్టుకుంటుంది. విందు సిద్ధం చేసి, పనికత్తెలను పంపి, తెలివి తక్కువవాళ్ళను భోజనానికి పిలుస్తుంది.

ఆ రాత్రి మా ఇంట్లో పడుకోవడానికి వచ్చిన స్నేహితురాలు, "సరస్వతీదేవి లాగానా అమ్మమ్మగారూ?" అంది.

"కాదు తల్లీ. సరస్వతిని దేవతగా కొలుస్తారు. ఈమె వేరే దేవత కాదు. దేవుడి జ్ఞానానికే మనిషి రూపం ఇచ్చి చెప్పారు. నిద్ర పట్టకపోతే నిద్రాదేవి కరుణించలేదంటాం చూడు, అలాగనుకో" అంది అమ్మ.

ఇంతకీ ఆమె ఎక్కడ నిలబడి పిలుస్తోంది? దారులు కలిసే చోట, ఊరి గుమ్మాల దగ్గర. ఆ కాలంలో పెద్దలు కూర్చుని తీర్పులు చెప్పేది ఆ గుమ్మాల దగ్గరే. మన రచ్చబండ అన్నమాట. అక్కడ ఆమె గుసగుసలాడటం లేదు, గొంతెత్తి కేకేస్తోంది!

మా అమ్మాయి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అననక్కరలేదు కూడా.

అదే 9వ అధ్యాయంలో ఇంకొక ఆవిడ ఉంది, బుద్ధిహీనత. ఆమెదీ పెద్ద గొంతే. దారినపోయేవాళ్ళను ఇద్దరూ పిలిచే పిలుపూ ఒకటే. తేడా అంతా వడ్డనలో ఉంది. ఒకావిడ తాను సిద్ధం చేసిన విందు పెడుతుంది. రెండో ఆవిడ దొంగిలించిన నీళ్ళు తియ్యగా ఉంటాయంటుంది. అంటే తూచవలసింది గొంతును కాదు, మాటను.

మర్నాడు, "ఆ రోజు నువ్వు ఏం వాదించావో చెప్పమ్మా" అని అడిగాను. అరగంట చెప్పింది. రెండు చోట్ల నాకు నచ్చలేదు, అదే చెప్పాను. గొంతు ఊసెత్తలేదు. వచ్చే పోటీకి పేరిచ్చింది. ముందు వరసలో సీటు మాత్రం ఇంగ్లీషు అంతగా రాని అమ్మమ్మకేనట!

పిల్లలూ, సామెతల గ్రంథం చివరి అధ్యాయం ఒక రాజుకు అతని తల్లి నేర్పిన మాటలతో మొదలవుతుంది. మీ అమ్మమ్మో నాయనమ్మో నేర్పిన మంచి మాట ఒకటి తెలుగులో రాసి పెట్టుకోండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.