సాయంత్రం ఇంటికి వచ్చే బడి



జూన్ నెల దగ్గర పడుతుందంటే మా డ్యూటీ రూములో ఒకటే చర్చ. "మేడమ్, పిల్లల్ని ఎక్కడ వేద్దాం?" జనగామ వాళ్లు హైదరాబాద్ వైపు చూస్తారు. మహబూబాబాద్ వాళ్లు, అంటే మన మానుకోట వాళ్లు, ఖమ్మం, హన్మకొండల పేర్లు చెబుతారు. భూపాలపల్లి వాళ్లు హన్మకొండలో అద్దె ఇల్లు వెతుక్కుంటారు, లేదా హాస్టల్ ఫీజు కడతారు. "ఉన్న ఊళ్లోనే మంచి బడి చూసుకోండమ్మా" అంటే, "పిల్లల భవిష్యత్తు పాడవుతుంది కదా మేడమ్" అంటారు. ఆ భవిష్యత్తు గురించే ఈ నాలుగు మాటలు.

మేము నర్సులం. పిల్లల ప్రోగ్రెస్ కార్డు మా చేతికి రాదు, కేస్ షీటు వస్తుంది. సెలవులకు హాస్టళ్ల నుండి వచ్చిన పిల్లలు కడుపునొప్పి, తలనొప్పి, నెలసరి తప్పడం అంటూ ఓపీకి వస్తారు. రక్త పరీక్షలు, స్కానింగ్ చాలాసార్లు నార్మల్‌గానే ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లను ఒకసారి "ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అని అడిగాం. ముందు తల్లి ముఖం చూసింది. తర్వాత, రాత్రి పదకొండున్నరకు పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తానని చెప్పింది. 13 నుండి 18 ఏళ్ల వయసు వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నిపుణులు చెబుతున్నారు. ఈ పిల్లకు దొరుకుతున్నది 5 గంటలు. మేము బి-కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చి పంపాం. దానికి కావలసిన మందు మా ఫార్మసీలో లేదు.

మేము కూడా ఇదే తప్పు చేశామని ఒప్పుకోవాలి. నైట్ డ్యూటీలప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరని మాలో కొందరం ఆరో తరగతిలోనే పిల్లల్ని హాస్టల్లో వేశాం. ఆదివారం గేటు దగ్గర కూర్చుని క్యారియర్ విప్పి అన్నం తినిపించి, ఏడుస్తుంటే "అలవాటవుతుందిలే" అని చెప్పి బస్సెక్కాం. నిజంగానే అలవాటైంది. ఇప్పుడు సెలవులకు ఇంటికి వచ్చినా ఆ పిల్లలు మాతో పెద్దగా మాట్లాడరు.

ఇది నిన్న మొన్న మొదలైన బాధ కాదు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరదారెడ్డి కమిటీని వేసింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. 16 ఏళ్లు నిండని వారిని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోరాదని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరి ముందు అవమానించవద్దని ఆదేశించింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కౌన్సిలర్ ఉండాలని కూడా చెప్పింది. ఇవి అమలవుతున్నాయో లేదో గేటు లోపలికి వెళ్లి అడగవలసింది తల్లిదండ్రులే.

మన ఊళ్లలో ఏముందని అంటారు. 2016 అక్టోబరులో ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2022-23 నుండి సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం మొదలైంది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. డాక్టరు చదువు మన ఊరికే వస్తే, ఆ చదువు కోసమని పదకొండేళ్ల పిల్లను మనం ఊరు దాటిస్తున్నాం. సీటుకు నీట్ ర్యాంకు కావాలి, కాదనము. కాని ఆ పరీక్ష ఆరో తరగతిలో లేదు కదా.

అయితే చిన్న ఊరైనంత మాత్రాన ఒత్తిడి లేదనుకోకండి. ఐఐటీ ఫౌండేషన్ బోర్డులు మన బజారుకూ వచ్చాయి. అందుచేత బడిలో చేర్చే ముందు స్వయంగా వెళ్లి చూడండి. సాయంత్రం ఎన్నింటికి వదులుతారు? ఆటల పీరియడ్‌లో నిజంగా ఆడిస్తారా? మార్కుల ప్రకారం సెక్షన్లు చేస్తారా? వెనకబడిన పిల్లవాడితో టీచరు ఎలా మాట్లాడుతున్నారు? తప్పకుండా మరుగుదొడ్డి కూడా చూడండి. అది శుభ్రంగా లేకపోతే ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా ఉంటారు, తర్వాత మూత్రంలో మంటతో మా దగ్గరకు వస్తారు. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధమని కూడా గుర్తుంచుకోండి.

షిఫ్టులు చేసే తల్లిదండ్రుల ఇబ్బంది మాకు తెలుసు. భూపాలపల్లి గనుల్లో పనిచేసే తండ్రులకైనా, మా సిస్టర్లకైనా రాత్రి ఇంట్లో ఎవరుంటారన్నదే సమస్య. ఇప్పుడు మా రోస్టరు వేసేటప్పుడు బడి పిల్లలున్న తల్లులకు వరుసగా నైట్లు పడకుండా చూస్తున్నాం. ఆ భారం తోటి సిస్టర్ల మీద పడుతోంది, కొందరికి కోపంగా కూడా ఉంది. అయినా ఇది చేయవలసిన పనేనని మా నమ్మకం. మిగతా యాజమాన్యాలు కూడా ఆలోచించాలని కోరుతున్నాం.

ఇప్పటికే హాస్టల్లో ఉన్న పిల్లలు సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, "నేనుండి ఏం లాభం" అన్నా, దాన్ని బడి ఎగ్గొట్టే వేషంగా కొట్టిపారేయకండి. వెంటనే వెళ్లి ఇంటికి తీసుకురండి, డాక్టరుకు చూపించండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఏడాది ఫీజు కట్టే ముందు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని "నీకెక్కడ ఉండాలనుంది?" అని ఒకసారి అడగండి. మేము అడగలేదు. అందుకే మీకు చెబుతున్నాం.