పేరులో ఓఆర్‌ఎస్‌.. డబ్బాలో తీపి పానీయం

నిరుడు వేసవిలో నర్సంపేట వైపు నుంచి ఓ పెద్దాయనను మా వార్డుకు తీసుకొచ్చారు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. షుగర్‌ కూడా ఉంది. ‘ఓఆర్‌ఎస్‌ తాగించారా?’ అని అడిగితే, ‘ఐదు డబ్బాలు తాగిచ్చినం సార్‌’ అంటూ కొడుకు సంచిలోంచి ఖాళీ డబ్బా తీశాడు. పేరులో ఆ మూడు అక్షరాలున్నాయి. లోపలిది పండ్ల రుచి కలిపిన తీపి పానీయం. ఇది డబ్ల్యూహెచ్‌ఓ సూచించిన ఓఆర్‌ఎస్‌ కాదన్న వాక్యమూ ఉంది, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడనంత చిన్నగా! పెద్దాయన షుగర్‌ బాగా పెరిగిపోయింది. విరేచనాలు తగ్గలేదు.

అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. దానితోపాటు 2.6 గ్రాముల ఉప్పు, పొటాషియం క్లోరైడ్‌, సిట్రేట్‌. గ్లూకోజ్‌ ఇక్కడ రుచి కోసం కాదు. చిన్నపేగు గ్లూకోజ్‌తో కలిపి సోడియాన్ని లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. తీపి ఎక్కువైతే పేగే ఒంట్లోని నీటిని తనలోకి లాగుతుంది.

‘మరి ఆ పేరెట్ల పెట్టనిచ్చిన్రు సార్‌?’ అన్నాడా కొడుకు.

హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి అడిగిందీ అదే. 2022లో ఆమె తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కాదన్న ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జులైకల్లా ఆ చిన్న వాక్యం రాస్తే చాలంది. ఆ అనుమతిని 2025 అక్టోబర్‌ 14న గానీ వెనక్కి తీసుకోలేదు. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. మన హైదరాబాద్‌ సంస్థ డాక్టర్‌ రెడ్డీస్‌ వేసిన పిటిషన్‌ను కోర్టు అక్టోబర్‌ 31న కొట్టేసింది.

ఆ మూడేళ్లూ కంపెనీలు నిబంధన మీరలేదు, నిజమే. కానీ ఆ పేరు మీద నమ్మకం ఎవరు కట్టింది? 1971లో బంగ్లాదేశ్‌ శరణార్థి శిబిరంలో డాక్టర్‌ దిలీప్‌ మహలనబీస్‌ డ్రమ్ముల్లో కలిపి పోయించిన నీళ్లు, ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఉచితంగా పంచుతున్న ప్యాకెట్లు. ఆ నమ్మకాన్ని పానీయం డబ్బా మీద అచ్చేసుకోవడానికి చిన్న అక్షరాల వాక్యం సరిపోతుందా? కొన్నవారు దాన్ని చదవరని అమ్మేవారికి తెలియదనుకోను. మా డాక్టర్లలోనూ కొందరు చీటీ మీద ఆ డబ్బాలే రాశారు. ఆ సిగ్గు మాది కూడా.

మీరు మాత్రం షాపులో ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్‌’ అని అడిగి, ప్యాకెట్‌ మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఎన్ని నీళ్లు కలపాలని రాసి ఉంటే అన్నిటిలోనే, పొడి మొత్తం ఒకేసారి కలపండి. సగం వాడి సగం దాచొద్దు. చక్కెర, పండ్లరసం కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. షుగర్‌ ఉందని అసలైన ఓఆర్‌ఎస్‌ మానేయకండి, డాక్టర్‌కు మాత్రం చెప్పండి. మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఇంట్లో కూర్చోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకురండి.