ఆదివారం రాని కడుపునొప్పి

మూడో తరగతి చదివే మీ అబ్బాయికి సరిగ్గా బడివేళకు బొడ్డు చుట్టూ నొప్పి వస్తోందా? సెలవునాడు మాత్రం హాయిగా ఆడుకుంటున్నాడా? అది దొంగ నొప్పి అని కేకలెయ్యకండి. మెదడుకూ పేగులకూ నరాల సంబంధం ఉంది. దిగులు పడ్డ పిల్లవాడికి కడుపు నిజంగానే నొప్పెడుతుంది.

ముందు డాక్టరుకు చూపించండి. జ్వరం, బరువు తగ్గడం, ఆగని వాంతులు, విరేచనంలో రక్తం, నిద్రలోంచి లేపే నొప్పి - వీటిలో ఏది ఉన్నా ఆలస్యం కూడదు. అవేవీ లేవని తేలితే, "బళ్ళో నిన్నేమని పిలుస్తారు?" అని మెల్లగా అడగండి. నత్తోడు, నల్లోడు, బొండాం - మనకు నవ్వులాటగా తోచే ఆ పిలుపు రోజూ వినే పసివాడికి చెంపదెబ్బే.

ముస్లిం కుటుంబాలకు దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఖురాన్ 49వ అధ్యాయం 11వ వాక్యం ఎగతాళినీ, చెడ్డపేర్లు పెట్టి పిలవడాన్నీ నిషేధించింది. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని కూడా హెచ్చరించింది. పిల్లలు అరబీలో వల్లించే ఆ వాక్యానికి అర్థం మీరు ఇంటి భాషలో చెప్పండి.

అన్యాయం చేసే సోదరుడికి కూడా సాయపడాలనీ, అతని చెయ్యి పట్టి ఆపడమే ఆ సాయమనీ ప్రవక్త చెప్పినట్టు బుఖారీ హదీసులో ఉంది. పక్కన నిలబడి నవ్వే పిల్లలకు ఈ పాఠం మరీ అవసరం.

"నువ్వూ నాలుగు తగిలించు" అనకండి. "సబర్ చెయ్యి" అని ఊరుకోనూవద్దు. ఓర్పు అంటే దెబ్బలు తింటూ నోరు మూసుకోవడం కాదు. పరోక్షంలో ఒకరి మీద చెడ్డ చెప్పడం పాపమని నేర్చుకున్న పిల్లలు టీచరుగారికి చెప్పడానికీ జంకుతారు. అన్యాయానికి గురైనవాడు బయటికి చెప్పుకోవచ్చునని 4వ అధ్యాయం 148వ వాక్యం అనుమతిస్తోంది. ఆ ధైర్యం వాడికివ్వండి. మీరూ వెళ్ళి టీచరుగారితో మాట్లాడండి.

ఏడిపించేవాడు మీవాడే అయితే? కొట్టకండి; దెబ్బలు తిన్నవాడు వాటిని రేపు తనకంటే చిన్నవాడికి పంచుతాడు. క్షమాపణ చెప్పించండి. పదేళ్ళు ప్రవక్త సేవలో పెరిగిన అనస్, తననాయన ఒక్కసారీ విసుక్కోలేదని పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఇంట్లో మీరే పిల్లవాణ్ణి "మొద్దూ" అని పిలుస్తుంటే, మందు మొదట వేసుకోవలసింది మీరే.