గున్నమ్మ ఆట కట్టండి

ఏటా ఏప్రిల్ 1న వీరగున్నమ్మకు దండలు పడతాయి. మైకు, ఉపన్యాసం, ఫొటో, ఇంక ఎవరి దారి వాళ్లది. చూస్తుంటే ఒళ్లు మండుతుంది. 1940లో అదే రోజున, మందస జమీందారు అడవిలో కట్టెలు కొట్టారని రైతుల్ని పట్టుకుపోతుంటే, కడుపుతో ఉండి కూడా పోలీసులకు అడ్డం నిలబడి తూటాకి ఒరిగిపోయిన గుడారి రాజమణిపురం మనిషి ఆవిడ. కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. వెట్టి చెయ్యం అన్న మాట ఊళ్లలో వేడిగా తిరుగుతున్న కాలం. అంత కథనీ ఒక్క పూలదండతో కప్పెట్టేశాం.

కథని ఆడాలి. ఆడితే ఏమవుతుందో బెంజమిన్ లే చూపించాడు. నాలుగడుగుల మనిషి, గూని. యుద్ధం పాపమనే క్వేకర్ క్రైస్తవుడు. అమెరికాలో ఆ క్వేకర్లలోనే చాలామందికి బానిసలుండేవారు. 1738లో బర్లింగ్టన్‌లో వాళ్ల వార్షిక సభకి పొడుగు కోటు కింద సైనికుడి బట్టలు, కత్తి దాచుకుని వెళ్లాడు. చేతిలో తొలిచిన పుస్తకం, దాన్లో ఎర్రటి పళ్లరసం నింపిన తిత్తి. బానిసల్ని ఉంచుకున్నవాళ్ల నెత్తురు దేవుడు ఇలాగే కళ్లజూస్తాడంటూ పుస్తకంలో కత్తి దింపాడు. రసం చిమ్మి పక్కవాళ్ల మీద పడింది. ఎత్తుకెళ్లి బయట పారేశారు. ఎవరో పరాయివాళ్లని కాదు, సొంతవాళ్లనే నిలదీశాడు, అదీ అతని తెగువ. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్లు బానిసల్ని వదలనివాళ్లకి తమలో చోటు లేదన్నారు. 2023లో లండన్‌లో అతన్ని నాటకంగా మళ్లీ జనం ముందు నిలబెట్టారు.

అలా ఆడి చూపడానికి మనకి జమ్ముకుల కథ లేదా? ఈ పలాస పక్క బొడ్డపాడులోనే సుబ్బారావు పాణిగ్రాహి జమ్ముకు పట్టి పేదల కథ చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకి ప్రాణం పోయింది.

పాత గొడవలు ఇప్పుడెందుకంటారు. ఆట ఆడితే వేలు మన గుమ్మం వైపే తిరుగుతుందని భయం. ఆ గొడవ గున్నమ్మతో తీరిపోలేదు. కారా మాస్టారి ‘యజ్ఞం’ కథలో సీతారాముడు కన్నకొడుకుని నరికింది, అప్పు కింద వాడు కంబారిగా, అంటే కట్టు పాలేరుగా బతకకూడదనే. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. అయినా కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే ఆడమనిషి వేళ్లు ఒకసారి పట్టుకు చూడండి, జీడిరసానికి నల్లబడి తోలూడిన వేళ్లు. అడ్వాన్సు తీసుకుని గుజరాత్ బోటెక్కే ఉద్దానం కుర్రాణ్ణి, ఆ అడ్వాన్సు ఎప్పటికి తీరుతుందో అడగండి. వీళ్లని బానిసలనను, అది పెద్ద మాట. ముందు అప్పు, తర్వాత పని అనే ఆ ముడి మాత్రం గున్నమ్మ నాటి ముడే.

అందుకే వచ్చే ఏప్రిల్ 1కి శాలువాలు మానండి. పలాస నడిరోడ్డు మీద ఆట కట్టండి. గున్నమ్మగా జీడి ఒలిచే మనిషి నిలబడాలి. జమీందారు వేషం పొలాలున్న మాలాంటివాళ్లం వేస్తాం. ముందు వరసలో వడ్డీకిచ్చేవాళ్లనీ మేస్త్రీలనీ కూర్చోబెట్టండి.